చల్లటి బండి మీద చెప్పిన తీర్పు

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. రెండువేళ్ల మేస్త్రి అంటేనే ఎవరికైనా తెలిసేది. ఉన్నవి రెండు వేళ్లే అనుకునేరు, పదికి పదీ శుభ్రంగా ఉన్నాయి. శుభ్రంగా అంటే గ్రీజుతో సహా అని అర్థం. ఎంత మొండి గేరుబాక్సునైనా విప్పి, కడిగి, బిగించాక, బండి యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని చూపుడువేలూ మధ్యవేలూ మాత్రమే గేరు రాడ్డు మీద ఆనించేవాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, రివర్సు. అన్నీ కిమ్మనకుండా పడేవి. "రెండు వేళ్లకి పడకపోతే అది గేరు కాదండీ, తలుపు గొళ్లెం" అనేవాడు. ఆ ముక్క వినడానికే పక్క షెడ్ల వాళ్లు కూడా వచ్చి నిలబడేవాళ్లంటే మీరు నమ్మాలి.

రేకుల షెడ్డు. రెండు వ్యాన్లు పడతాయి, మూడోది రోడ్డు మీదే. నేలలో ఒక గొయ్యి, అందులోకి దిగడానికి నాలుగు ఇనుప మెట్లు. గోడకి కొట్టిన చెక్క మీద ఏ పానా ఎక్కడ తగిలించాలో తెల్ల రంగుతో బొమ్మ గీసి ఉండేది. సాయంత్రం షెడ్డు మూసేలోపు ఒక్క బొమ్మ ఖాళీగా కనబడినా ఆయనకి అన్నం సహించదు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి పాత బస్సులోంచి పీకిన సీటు ఒకటి ఉండేది. దాని స్ప్రింగులు ఎవరినీ ఎక్కువసేపు కూర్చోనిచ్చేవి కావు. మేస్త్రికి కావలసిందీ అదే.

ఇంకో నియమం ఉండేది ఆయనకి. వేడి మీద ఉన్న బండిని ముట్టుకోడు. ఎంతటివాడు వచ్చినా సరే, "రాత్రికి వదిలేసి వెళ్లండి, పొద్దున్నే చూస్తాను" అనేవాడు. వేడి బండి అబద్ధాలు చెబుతుందట, చల్లారాకే నిజం బయటపెడుతుందట. వినడానికి ఎంత బాగుందో చూడండి! అసలు సంగతి వేరు. పదహారేళ్ల వయసులో పని నేర్చుకుంటూ, అప్పుడే రోడ్డు మీంచి వచ్చిన లారీ కింద పడుకుని ఆయిలు మూత విప్పాడు. సలసల కాగే ఆయిలు గుండెల మీద పడింది. నెల రోజులు బోర్లా తిరిగి పడుకోలేకపోయాడు. ఆ మచ్చ కనబడకుండా ఎండాకాలంలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకునేవాడు. భయమేస్తుందని చెప్పుకోలేక దానికో సిద్ధాంతం తగిలించాడు. ముప్పై తొమ్మిదేళ్లు ఆ సిద్ధాంతం చక్కగా నడిచింది కూడా. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, బావ దగ్గర తప్ప.

బావ అంటే మేస్త్రి అక్క భర్త. మందుల వ్యాను నడిపేవాడు. పొద్దున్నే గోదాములో పెట్టెలు ఎక్కించుకుని అయిదారు ఊళ్ల ఆసుపత్రులకు చేరవేసి, దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరేవాడు. వ్యాను సొంతం. పాతది, ఇంజను సీటు కిందే ఉండే రకం. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క మందు సీసా పగలలేదని, గుంతల్లో కూడా సీసాల్ని మంచం మీద పడుకోబెట్టినట్టు తీసుకెళ్తానని చెప్పుకునేవాడు. "నువ్వు తీసుకెళ్లేది సీసాల్నా, కొత్తపెళ్లికూతుర్నా బావా?" అని మేస్త్రి ఆటపట్టించేవాడు. "నువ్వు బిగించిన బండి కదరా, ఎక్కడ ఏ నట్టు ఊడుతుందోనని భయం" అని బావ తిప్పికొట్టేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ ముక్క ఎప్పుడూ పైకి అనుకోలేదనుకోండి, మగవాళ్లు కదా.

అలాంటి బావ ఒకరోజు షెడ్డుకి వచ్చి, "ఒరేయ్ బావమరిదీ, సాయంత్రమయ్యేసరికి ఒకటో గేరు రానంటోందిరా. రివర్సయితే మరీనూ, కర్రుమంటోంది. ఎక్కడైనా ఆపితే మళ్లీ కదిలించేసరికి తాతలు దిగొస్తున్నారు" అన్నాడు.

"రాత్రికి వదిలెయ్యి బావా. పొద్దున్నే చూస్తా."

పొద్దున చూశాడు. ఇంజను స్టార్ట్ చేసి, క్లచ్చు నొక్కి, రెండు వేళ్లు పెట్టాడు. గేర్లన్నీ వెన్నలా పడ్డాయి. అయినా గేరు ఆయిలు మార్చి పంపాడు. పది రోజులకి బావ మళ్లీ వచ్చాడు. ఈసారి రాడ్డు కింద అరిగిన బుష్షులు మార్చి, కీళ్లన్నిటికీ గ్రీజు పట్టించాడు. మూడోసారి గేరుబాక్సే కిందికి దించి, బల్ల మీద పెట్టి, ఒక్కో పన్నూ వేలితో తడిమి చూశాడు. క్లచ్చు ప్లేటు కొత్తది వేశాడు. లోపం ఎక్కడా లేదు. పొద్దున వేస్తే పడుతుంది. సాయంత్రం బావ వేస్తే పడదు.

"నువ్వొకసారి నాతో రారా" అన్నాడు బావ. "ఒక్కరోజు సాయంత్రం దాకా తిరుగుదాం. నీకే తెలుస్తుంది."

"షెడ్డు ఎవరు చూస్తారు బావా?"

ఒక్కరోజు. ఆ ఒక్కరోజు వెళ్లి ఉంటే ఈ కథే లేదు. షెడ్డు ఎక్కడికైనా పారిపోతుందా? వేడెక్కిన బండిలో, వేడెక్కిన ఇంజను మీద కూర్చోవాలంటే ఆయనకి మనసొప్పలేదు. అంతకంటే ముఖ్యం, తన రెండు వేళ్లు చెప్పాక ఇంకొకరి మాట వినాలంటే అసలే ఒప్పలేదు.

ఆ వారంలోనే అక్క షెడ్డుకి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. బస్సు సీటు మీద అంచున కూర్చుని చీరకొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"నిజం చెప్పరా తమ్ముడూ. తప్పు బండిదా, ఆయనదా? మొన్న గ్లాసు జారవిడిచారు. నిన్న చొక్కా గుండీ పెట్టుకోలేక విసుక్కున్నారు. ఇంకో నెలకి అమ్మాయి కాన్పు. రోడ్డు మీద ఏదైనా అయితే నేనేం కావాలి?"

మేస్త్రి కాసేపు చేతిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పొద్దున పడుతుంది, సాయంత్రం పడదు. బండికి పొద్దునా సాయంత్రం ఏముంటాయక్కా? మనిషికైతే ఉంటాయి" అన్నాడు.

ఎంత తెలివైన మాట! మర్నాడు పొద్దున బావ బండి కోసం వస్తే అదే మాట ఆయన ముఖం మీద చెప్పాడు. ఇద్దరు లారీ డ్రైవర్లూ, సామాన్ల కొట్టు ఆయనా అక్కడే నిలబడి ఉన్నారు. "బండి బంగారం బావా. నీ చెయ్యే అలిసిపోయింది" అని రెండు వేళ్లతో గేర్లన్నీ వేసి చూపించాడు. బావ కూడా ఎక్కి వేశాడు. పడ్డాయి. "చూశావా, పడుతున్నాయి కదరా!" అన్నాడు ఆశగా. "పొద్దున్నే కదా బావా, ఇప్పుడు బలం ఉంటుంది" అన్నాడు మేస్త్రి. గేరు పడినా తప్పు చేతిదే, పడకపోయినా చేతిదే. ఇక ఆ మనిషి ఎటు తప్పించుకుంటాడు చెప్పండి!

బావ గేరు వేసే చేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత తాళంచెవి తీసి మేస్త్రి చేతికిచ్చాడు. "నువ్వు చెప్పావంటే అంతేలేరా. ఎవరికైనా అమ్మిపెట్టు" అని నడిచి ఇంటికి వెళ్లిపోయాడు.

బావని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన వేళ్లు మడిచి, విప్పి, సుత్తితో మోచేతి మీద కొట్టి, "ఈ వయసులో మామూలేనండీ" అని బలం మాత్రలు రాశాడు. రోగం ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. అంతే, ఆ ఇంట్లో ఆ చేతికి రోగం ఖాయమైపోయింది. మనమందరం రోజుకి ఏదో ఒకటి జారవిడుస్తూనే ఉంటాం, ఎవరూ లెక్కపెట్టరు. బావ చెంచా జారవిడిస్తే మాత్రం ఇల్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. అక్క గ్లాసు సగమే నింపి ఇచ్చేది. బజారు సంచీ ఆయన చేతికి ఇచ్చేది కాదు. కొన్నాళ్లకి ఆయనే ఏదీ పట్టుకోవడం మానేశాడు. కూర్చున్నప్పుడు ఆ చేతిని రెండో చేతితో పట్టుకుని కూర్చునేవాడు.

నెలకి కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో నర్సు గుడ్డలో చుట్టిన పసిదాన్ని తెచ్చి "తాతగారూ, పట్టుకోండి" అంటే బావ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. "వద్దమ్మా, నా చేతి మీద నాకే నమ్మకం లేదు. మా బావమరిదికివ్వు." పక్కనే ఉన్న మేస్త్రి పిల్లని అందుకున్నాడు. అలా మొదలైంది. కూతురు పనికి వెళ్తూ పిల్లని తల్లి దగ్గరే వదిలేది కాబట్టి పిల్ల పెరిగిందంతా ఆ ఇంట్లోనే. ఆదివారం వచ్చిందంటే మేస్త్రి వెళ్లాల్సిందే, పిల్లని భుజానికెత్తుకుని వీధి చివరిదాకా తిప్పుకు రావాల్సిందే. బావ పక్కనే నడిచేవాడు. "మెడ పట్టుకోరా. ఎండ తగులుతోంది, అటు తిప్పు" అని చెబుతూ ఉండేవాడు. పిల్ల నవ్వితే తానూ నవ్వేవాడు. చేతులు మాత్రం వెనక్కే కట్టుకునేవాడు.

నిజం చెప్పాలంటే మేస్త్రికి లోలోపల గర్వంగానే ఉండేది. సమయానికి చెప్పబట్టి గండం తప్పింది అని చుట్టాలంతా మెచ్చుకున్నారు మరి. ఆయనా నమ్మాడు.

ఇలా మూడేళ్లు గడిచాయి.

వ్యానుని కొన్నది రొట్టెలమ్మే ఆయన. అందరూ వస్తాదు అనేవాళ్లు. కుర్రతనంలో కుస్తీలు పట్టాడు. పిండి మూటని సంకలో పుస్తకంలా పెట్టుకుని నడిచే మనిషి. చుట్టుపక్కల వీధుల్లో రొట్టెలు వేసి అరగంటలో తిరిగొచ్చేవాడు కాబట్టి బండితో ఆయనకి ఏనాడూ పేచీ రాలేదు. ఈమధ్యే దూరపు ఊరికి కూడా వేయడం మొదలుపెట్టాడు. పదిరోజులు తిరిగాడో లేదో, ఒక మధ్యాహ్నం నేరుగా షెడ్డుకొచ్చి ఇంజను ఆపకుండానే కేకేశాడు.

"మేస్త్రీ! గంట తిరిగితే చాలు, ఒకటో గేరు పడి చావట్లేదయ్యా!"

"రాత్రికి వదిలేసి వెళ్లు. పొద్దున..."

"పొద్దున బాగానే పడుతుంది! అప్పుడు చూసి ఏం లాభం? ఇప్పుడు చూడు!"

మేస్త్రి అలవాటుగా నోరు తెరిచాడు. చెయ్యి అలిసిపోయి ఉంటుంది అనబోయాడు. వస్తాదు కిటికీ మీద ఆనించిన చెయ్యి కనబడింది. మామూలు మనిషి తొడంత ఉంది.

తలుపు తీసి వస్తాదుని పక్కకి జరగమని, ఆయనే డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. సీటు కింద నుంచి వేడి తొడలకి తగులుతోంది. క్లచ్చు నేలకి నొక్కి రెండు వేళ్లు పెట్టాడు. రాడ్డు కదల్లేదు. నాలుగు వేళ్లు పెట్టాడు. కర్రుమంది. అరచెయ్యి మొత్తం ఆనించి, పళ్లు బిగించి తోశాడు. లోపల పళ్లు పళ్లు కొరుక్కున్న చప్పుడే తప్ప గేరు పడలేదు. "చూశావా! నాకే పడలేదు, నీకేం పడుతుంది" అని వస్తాదు నవ్వాడు. మేస్త్రికి బావ మాటలు ఒక్కొక్కటే చెవిలో పడుతున్నట్టుంది. సాయంత్రమయ్యేసరికి. రివర్సయితే మరీనూ. ఒక్కరోజు నాతో రారా.

ఇంజను ఆపించి బండి కిందికి దూరాడు. ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత వేడి బండి కిందికి దూరడం అదే. పెద్దగా వెతకక్కర్లేకుండానే కనబడింది. క్లచ్చు నొక్కిన బలాన్ని కిందికి మోసుకెళ్లే రబ్బరు గొట్టం ఒకటుంటుంది. అది పొగగొట్టానికి బెత్తెడు దూరంలో వేలాడుతోంది. పట్టుకుంటే ఉడికిన కూరలా మెత్తగా ఉంది, వేళ్లు చురుక్కుమన్నాయి. "ఒకసారి క్లచ్చు నొక్కు" అని పైకి అరిచాడు. వస్తాదు నొక్కాడు. గొట్టం బుడగలా ఉబ్బింది. కాలి బలమంతా ఆ ఉబ్బులోకే పోతుంటే కిందున్న క్లచ్చు పూర్తిగా విడిపోదు. క్లచ్చు విడిపోకపోతే గేరు ఎవడికి పడుతుంది? చల్లారితే రబ్బరు మళ్లీ బిగుసుకుంటుంది, అంతా బాగుంటుంది.

గొట్టానికీ పొగగొట్టానికీ మధ్య వేడి తగలకుండా ఒక రేకు ఉండాలి. లేదు. బోల్టులు ఉండాల్సిన రెండు కన్నాలు ఖాళీగా ఉన్నాయి. ఎవడు తీశాడు దీన్ని అని తిట్టబోయి ఆగిపోయాడు. తీసింది తానే. బావకి గేరు పేచీ మొదలవడానికి కొన్నాళ్ల ముందు, బండి కింద ఏదో గలగలమంటోందంటే చూసి, "ఈ దిక్కుమాలిన రేకు ఒకటి, దండగ" అని ఊడపీకి చెత్తలో పారేశాడు.

కింద నేల మీద అలాగే పడుకుండిపోయాడు. ఏడుపొచ్చింది. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "ఏమయ్యా, నిద్రపోయావా?" అని వస్తాదు టైరుని కాలితో తట్టాడు.

కావాలంటే అక్కడితో ఆపేయొచ్చు. గొట్టం మార్చి, కొత్త రేకు కొట్టి, రెండు వేళ్లతో గేర్లు వేసి చూపించి పంపేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని నేననను. వచ్చింది. గొయ్యి దగ్గర చేతులు కడుక్కుంటున్నంతసేపూ ఉంది. తర్వాత బయటికొచ్చి, "బండి చల్లారకముందే మా అక్కయ్య ఇంటికి పోనీ" అన్నాడు.

వస్తాదు ఇంజను ఆపే ఉంచి ఒకటో గేరు వేసి, అప్పుడు స్టార్ట్ చేశాడు. బండి తుళ్లిపడి ముందుకు దూకింది. అలా దూకుకుంటూనే వెళ్లారు.

బావ గుమ్మం మెట్టు మీద కూర్చుని పేపరు మోకాళ్ల మీద పరుచుకుని చదువుతున్నాడు. "ఏంట్రా, ఆదివారం కాదు కదా ఇవాళ? ఇది మన బండే కదూ!" అంటూ లేచాడు. ముఖం వెలిగిపోయింది.

"ఎక్కు బావా. ఒకటో గేరు వెయ్యి."

"నాతో ఎగతాళా?"

"నీకు దణ్ణం పెడతాను, ఎక్కు."

బావ ఎక్కాడు. ఇంజను నడుస్తోంది. క్లచ్చు నొక్కి చెయ్యి వేశాడు. కర్రుమంది. వెంటనే చెయ్యి తీసేసి రెండో చేతితో పట్టుకున్నాడు. "నేను చెప్పలా, ముందుకంటే అధ్వాన్నమైంది" అన్నాడు చిన్నగొంతుతో.

మేస్త్రి అటునుంచి ఎక్కి, ఆయన కళ్లముందే అరచెయ్యి ఆనించి తోశాడు. పడలేదు. వస్తాదు వచ్చి ఒళ్లు విరుచుకుని తోశాడు. ఆయనకీ పడలేదు. బావ ముగ్గురి చేతుల వంకా మార్చి మార్చి చూశాడు.

"అంటే... అప్పుడూ ఇదేనా?"

"ఇదే బావా. నీ చేతిలో ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ లేదు. ఆ రేకు పీకింది నేను, నువ్వు రమ్మన్నప్పుడు రానిది నేను. మూడేళ్లు నిన్ను కూర్చోబెట్టేశాను."

అక్క గుమ్మంలోంచి అంతా వింది. "నేనడగబట్టే కదరా నువ్వా మాటన్నావు" అని తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

బావ తిట్టలేదు. తిడితే బాగుండునని మేస్త్రి ఎదురుచూశాడు. బండి దిగి, గేరు వేసే చేతిని మూసి తెరిచి, మూసి తెరిచి, వెనక తలుపు తీసి రొట్టెల పెట్టె ఒకటి ఆ ఒక్క చేత్తోనే లేపాడు. తర్వాత రెండో చేత్తో ఇంకోటి. "చూడవే! ఇటు చూడు!" అని పెళ్లాన్ని పిలుస్తూ వీధిలో నాలుగడుగులు నడిచాడు. వస్తాదు చప్పట్లు కొట్టాడు. అరవై అయిదేళ్ల మనిషి, పండ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. మేస్త్రికి ఆ నవ్వు చూసి కాస్త ఊపిరాడింది.

ఇంజను మోతకి లోపల నిద్రపోతున్న పిల్ల లేచింది. ఏడుస్తూ, కళ్లు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చింది. బావ పెట్టెలు దించేసి, గబగబా మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాచాడు.

"రామ్మా, నా తల్లి కదూ. ఎత్తుకుంటాను రా. ఎంత పైకి ఎత్తుతానో చూద్దువుగాని."

పిల్ల ఏడుపాపి ఆయన చేతుల వంక వింతగా చూసింది. ఆ చేతులు ఎత్తుకుంటాయని దానికి తెలియదు. గోడ పట్టుకుని మెట్టు దిగి, ఆయన్ని తప్పించుకుని పక్కనుంచి వచ్చి, మేస్త్రి కాళ్లు వాటేసుకుని రెండు చేతులూ పైకెత్తింది.

మేస్త్రి వంగలేదు. "అదిగోనమ్మా, తాత పిలుస్తున్నాడు, వెళ్లు" అన్నాడు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. వస్తాదు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"ఎత్తుకోరా" అన్నాడు బావ చివరికి. "పసిదాన్ని అలా ఏడిపిస్తావేంటి? దానికి నా దగ్గర అలవాటు లేదు కదా."

మేస్త్రి ఎత్తుకున్నాడు. పిల్ల ఆయన భుజం మీద తల వాల్చి ఏడుపాపేసింది. బావ మోకాళ్ల మీదే ఉన్నాడు. చాచిన చేతులు ఇంకా దించలేదు.